గిండీ దారిలో ఒక శరణాలయం

చెన్నై మహానగరమనగానే మెరీనా తీరం, మైలాపూరు కపాలీశ్వరాలయం మనకు స్ఫురిస్తాయి. గిండీ నుండి వేళచ్చేరి వెళ్ళే దారిలో బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా వారి జంతు శరణాలయం ఉన్నదని చాలామంది యాత్రికులకు తెలియదు. కార్యాలయపు పనిమీద ఆ నగరానికి వెళ్ళినప్పుడు, శునకాన్ని పెంచుకోదలచిన ఒక మిత్ర దంపతులతో కలిసి దానిని చూసే అవకాశం నాకు లభించింది.

విమాన చోదకులైన కెప్టెన్ వి. సుందరం 1959లో ఈ సంస్థను స్థాపించారు. వీధికుక్కలను చంపడం మాని, శస్త్రచికిత్సతో సంతతిని అరికట్టి, రేబిస్ టీకాలు వేయాలన్న ఈ సంస్థ వాదనను నగరపాలక సంస్థ 1996లో అంగీకరించింది. 2001లో కేంద్ర ప్రభుత్వం ఇదే పద్ధతికి నిబంధనలు రూపొందించింది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఒక వీధిలోని కుక్కలను తొలగిస్తే ఆ ఖాళీలోకి వేరేవి వచ్చి చేరతాయి. కారణాన్ని సరిచేయక ఫలితాన్ని తుడిచివేస్తే సమస్య తీరదన్నది ఇంజనీర్లమైన మనకు తెలిసిన సూత్రమే.

లోపల అడుగుపెట్టగానే మొరుగులు చెవులను హోరెత్తించాయి. పిల్లకుక్కలు కంచె వద్దకు ఉరికి వచ్చాయి. వెనుక మూలలో మాత్రం గోధుమరంగు చిన్న కుక్క ఒకటి ముడుచుకొని పడుకొని ఉన్నది. ఇల్లు ఖాళీ చేసిన వారెవరో దానిని గేటుకు కట్టి వెళ్ళిపోయారట. "ఇది ఎవరినీ కరవదమ్మా, అరవదు కూడా. అందుకే ఎవరి కంటా పడదు" అన్నది అక్కడి సేవకురాలు తమిళపు యాస కలిసిన తెలుగులో.

ఆమె అడిగిన ప్రశ్నలు నన్ను ఆలోచింపజేశాయి. ఇంటిలో పసిపిల్లలున్నారా? పగలు ఎవరుంటారు? మీరు ఊరికి వెళితే ఎవరు చూస్తారు? దీపావళినాడు టపాకాయల మోత వినబడని గది ఉన్నదా? ఇంటి వైశాల్యం గురించి ఆమె అడగనే లేదు. బెదిరిన ప్రాణికి కావలసినది బంగళా కాదు; వేళకు అన్నం, ఒక స్థిరమైన మూల, తొందరపెట్టని మనుషులు.

మిత్రుని భార్య పక్కకు తిరిగి నేలమీద కూర్చున్నారు. చేయి చాచలేదు, పిలవలేదు. అరగంట తరువాత ఆ కుక్క మెల్లగా వచ్చి ఆమె చీర అంచును వాసన చూసింది. ఆ సాయంత్రమే అది వారి ఇంటికి చేరింది. మొదటి వారం మంచం క్రిందనే గడిపినదట. ఇప్పుడు ఆయన వార్తాపత్రిక చదివే వేళకు పాదాల చెంత పడుకొంటుందని తెలిసి ఎంతో సంతోషించాను.

ఇదే నగరంలో కళాక్షేత్రాన్ని నెలకొల్పిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా చేసిన కృషి ఫలితంగానే 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును అకారణంగా వదిలివేయడం ఈ చట్టం ప్రకారం నేరం. మనవంటి సంస్థలలో బదిలీలు తప్పవు. తాళం వేసిన క్వార్టర్సు గుమ్మం ముందు ఎదురుచూసే కుక్కను కాలనీవాసులు చూసే ఉంటారు. బదిలీ ఉత్తర్వు అందిన రోజున సామాను జాబితా వ్రాసుకొనేముందే, దాని ప్రయాణమో, దానికి తగిన మరొక ఇల్లో నిశ్చయించుకోవడం మన బాధ్యత.