ఇరవై పది

మా అమ్మాయి అయిదేళ్ళ వయసులో అంకెలు చెప్తూ ఇరవై తొమ్మిది తర్వాత ‘ఇరవై పది’ అంది. అందరం పడీ పడీ నవ్వాం. హ్యూస్టన్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా దానిచేత ఆ మాట మళ్ళీ చెప్పించేవాళ్ళం. ఆ నవ్వు ఎంత పదునైందో సెలీనా గురించి చదివేదాకా నాకు తట్టలేదు.

సెలీనా కింతనియా 1971లో టెక్సస్‌లోని లేక్ జాక్సన్‌లో ఒక మెక్సికన్ అమెరికన్ కుటుంబంలో పుట్టింది. ఇంగ్లీషులోనే పెరిగింది. తండ్రి అబ్రహాం వయసులో ఉండగా ‘లాస్ డీనోస్’ అనే బృందంలో పాడేవాడు. ఆయనకి తీరని కోరిక అది. పసిదాని గొంతు వినగానే కొడుక్కి బాస్ గిటారూ, పెద్ద కూతురికి డ్రమ్సూ ఇచ్చి బృందం కట్టాడు. పెట్టిన హోటలు మూతబడ్డాక కుటుంబం కార్పస్ క్రిస్టీ చేరింది. పెళ్ళిళ్ళలో, జాతరల్లో, ఎక్కడ పిలిస్తే అక్కడ పిల్లలు వాయించారు, పాడారు. ఎనిమిదో తరగతి తర్వాత సెలీనా బడి మానేసింది. ఉత్తరాల ద్వారా చదువుకుని హైస్కూలు పూర్తిచేసింది. ఒక తండ్రి కలని బతికించడానికి ఒక ఆడపిల్ల బాల్యం ఖర్చయిందని నాకు అనిపిస్తుంది. ఆమెకి పాటంటే ప్రాణం అన్నదీ అంతే నిజం. ఈ రెంటిలో ఏ ఒక్కటీ కొట్టెయ్యలేను.

వాళ్ళు పాడింది తెహానో సంగీతం. జర్మన్, చెక్ వలసదారుల అకార్డియన్, పోల్కా నడక టెక్సస్ మెక్సికన్ల పాటతో కలిసి పుట్టిన బాణీ. లిడియా మెండోసా, లారా కనాలెస్ వంటి స్త్రీలు ముందే దారి వేసినా అది మగవాళ్ళ రాజ్యమే. ముందు ఆడపిల్ల నిలబడితే జనం రారని తిప్పి పంపిన నిర్వాహకులు ఉన్నారు. అయినా 1987లో తెహానో సంగీత పురస్కారాల్లో ఆమె ఉత్తమ గాయని అయింది. 1989లో పెద్ద రికార్డు కంపెనీ ఆమెతో ఒప్పందం చేసుకుంది. 1994లో గ్రామీ వచ్చింది. వేదిక మీద వేసుకునే బట్టలు తనే గీసుకునేది, ఆ గీతలతోనే బట్టల దుకాణాలు తెరిచింది. బృందంలోని గిటారిస్టు క్రిస్ పెరెజ్‌ని ప్రేమిస్తే తండ్రి అతన్ని తీసేశాడు. 1992 ఏప్రిల్లో ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. ఆ తర్వాత తండ్రి దిగివచ్చాడు. తండ్రి నీడలో పెరిగిన ఆడపిల్ల తనదంటూ తీసుకున్న మొదటి పెద్ద నిర్ణయం అదేననుకుంటాను.

నన్ను పట్టుకున్న సంగతి మాత్రం ఆమె భాష. మొదట్లో స్పానిష్ పాటలు ఆమెకి అర్థం తెలియని శబ్దాలు. తండ్రి పలికించినట్టు పలికి నేర్చుకుంది. ఇంట్లో స్పానిష్ ఎందుకు తగ్గిపోయిందంటే దాని వెనక ఒక చరిత్ర ఉంది. టెక్సస్ బడుల్లో స్పానిష్ మాట్లాడిన పిల్లల్ని కొట్టిన రోజులున్నాయి. అలా దెబ్బలు తిన్న సంగతి గ్లోరియా అన్సల్దువా తన పుస్తకంలో రాసుకుంది. దెబ్బలు తిన్న తరం తమ పిల్లలకైనా ఆ బాధ వద్దనుకుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక స్పానిష్ రాదని మెక్సికోలో వెక్కిరింత, ఇంగ్లీషు యాస అని అమెరికాలో వెక్కిరింత. సెలీనా ఒక టీవీ ఇంటర్వ్యూలో పద్నాలుగుకి స్పానిష్ మాట తెలియక, పదహారు, పదిహేడులకి ఉండే పద్ధతిలోనే పదీ నాలుగూ కలిపి తనే ఒక మాట చేసేసింది. ఇప్పటికీ ఆమె అభిమానులు ఆ మాటని ముద్దుగా తలుచుకుంటారు.

అది చదివి చాలాసేపు కదల్లేకపోయాను. ఇరవై పది కూడా అంతే కదా! ఆ పిల్ల తప్పు చెప్పలేదు, తనకి దొరికిన లెక్కతో భాషని కట్టుకుంది.

మా అమ్మాయి చక్కగా పాడేది. పదకొండేళ్ళప్పుడు ఉగాది సభకి పాట నేర్పించాను. పాటంతా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. ‘ళ’ అంతా ‘ల’ అయింది. దిగివచ్చాక అందరి ముందూ నేనే దాన్ని అనుకరించి చూపించాను. అందరూ నవ్వారు. అది కూడా నవ్వింది. మళ్ళీ ఎప్పుడూ వేదిక ఎక్కలేదు. హోమ్‌వర్క్ ఎక్కువైందని చెప్తే నమ్మాను.

మా భాషకి ఎవరూ బెత్తం పట్టుకుని రాలేదు. మేమే ఇంగ్లీషు మీడియం వెంట పరిగెత్తాం, మేమే పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడాం. ఏడాదికొకసారి మాత్రం పట్టులంగా వేసి, తెలుగుతనమంతా ఆ పిల్ల నాలుక మీదే పెట్టాం. సంస్కృతిని మొయ్యడం ఎప్పుడూ ఆడపిల్ల పనే. మోస్తూ తడబడితే నవ్వడం మా పని. అబ్రహాం గురించి రాసేటప్పుడు నా కలం గట్టిగానే నడిచింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆగుతోంది.

1995 ఫిబ్రవరి 26న మా ఊళ్ళోని ఆస్ట్రోడోమ్‌లో అరవై వేల మందికి పైగా జనం ముందు సెలీనా పాడింది. అయిదు వారాలు తిరక్కుండానే, మార్చి 31న, తన అభిమాన సంఘాన్ని నడిపిన స్త్రీ చేతిలోనే తూటాకి బలైంది. ఇరవై నాలుగో పుట్టినరోజుకి పదహారు రోజులుంది. ఆ జూలైలో వచ్చిన ఆల్బమ్ అమెరికా అంతటికీ మొదటి స్థానంలో నిలిచింది. అందులో ఇంగ్లీషు పాటలూ స్పానిష్ పాటలూ పక్కపక్కనే ఉన్నాయి.

పోయిన నెల మా అమ్మాయికి ఫోన్ చేసి ఆ ఉగాది సంగతి ఎత్తాను. తప్పు చేశానన్నాను.

“నాకు గుర్తే లేదమ్మా,” అంది.

నేను ఏమీ అనలేదు. కాసేపటికి అదే అంది: “గుర్తుంది. ‘ళ’ ఇప్పటికీ రాదు.”