అవ్వ మాటలకు ఏ కత్తెర?

రాజపాళయంలో మన ఇళ్లలో తెలుగు మాట ఉంది, తెలుగు అక్షరం తక్కువ. ఎవరినీ నిందించడానికి అనడం లేదు. విజయనగరం నాటి రోజుల్లో వచ్చామని పెద్దలు చెబుతారు. నోట తెచ్చుకున్న భాష నోటనే నిలిచింది. బడిలో తమిళం చదివాం, చిట్టాపద్దులు తమిళంలో రాసుకున్నాం. అంచేత మన ఇంటి తెలుగుకు దస్తావేజు అంటూ ఏదైనా ఉంటే అది ముసలివాళ్ల గొంతే. ఆ గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

మా ఇంట్లో తొంభై దాటిన అవ్వ ఉంది. పెళ్లిపాటలు, పత్తి ఏరిన రోజులు, చావడి ముందు జరిగిన తగవులు ఆమె చెబుతూ ఉంటే మా అన్న కొడుకు ఫోనులో పట్టాడు. అలా నాలుగు గంటలు పోగయింది. నాలుగు గంటలు ఎవరు కూర్చుని చూస్తారు? అరగంటకు దించాలి, కింద అక్షరాలు వేయాలి. ఇంట్లో ఉన్నది 8 జీబీ మెమరీ గల పాత డెస్క్‌టాప్. ఖర్చు పెట్టేది నా పింఛను డబ్బు. ఇవి మనసులో ఉంచుకుని వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వెతికాను.

ముందుగా అందరూ చెప్పే పేరు ప్రీమియర్ ప్రో. అడోబీ సంస్థ 2013లో దాన్ని చందా పద్ధతికి మార్చింది. చందా ఆగితే పనీ ఆగుతుంది. తీరిక దొరికినప్పుడు కూర్చునేవాడికి అది తాళం వేసి ఉంచిన ఇంటికి అద్దె కట్టడమే. ఒక దుకాణంలో దొంగ కాపీ వేసిస్తామన్నారు. అవ్వ మాటను దొంగసొత్తుతో కుట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వారి డావిన్సీ రిజాల్వ్‌కు ఉచిత కూర్పు ఉంది. ఇంటి పనికి అది చాలు, మిగులుతుంది కూడా. కాని 16 జీబీ మెమరీ, మంచి గ్రాఫిక్స్ కార్డు కోరుతుంది. దానంగా వచ్చిన ఆవు కోసం కొత్త కొట్టం కట్టే స్తోమత నాకు లేదు. విండోస్‌తో 2000లో వచ్చిన మూవీ మేకర్ చాలామందికి ఓనమాలు దిద్దించింది గాని, మైక్రోసాఫ్ట్ 2017 జనవరి 10తో దానికి స్వస్తి చెప్పింది.

మిగిలినవి షాట్‌కట్, కెడెన్‌లైవ్. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు, పైసా అడగవు. మనం చేసిన పనిని మామూలు పాఠంగా చదవగలిగే ఫైలులో దాస్తాయి గనుక, రేపు తయారుచేసినవాళ్లు మానుకున్నా మన పని పూర్తిగా చీకట్లో పడదు. పాత కంప్యూటరుకు ఇంకొక మేలు, ప్రాక్సీ అనే ఏర్పాటు. అసలు వీడియోకు తేలికపాటి నకలు ఒకటి చేసుకుని, కోతలన్నీ దానిమీద కోస్తాం. చివరి ప్రతి మాత్రం అసలు దానినుంచే తయారవుతుంది.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. మనలాంటివాళ్లకు అసలు పరీక్ష వేరే ఉంది. ఏ సాఫ్ట్‌వేరైనా తెరవగానే నేను ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ అని కొట్టి చూస్తాను. కంప్యూటరు లోపల ‘స్త్రీ’ అంటే ఆరు గుర్తుల వరస. వాటిని కలిపి, వత్తులను కిందికి దించి ఒక అక్షరంగా పేర్చే శక్తి సాఫ్ట్‌వేరుకు ఉండాలి. లేకపోతే వత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. మా కంప్యూటరులో కెడెన్‌లైవ్ ఈ పరీక్ష నెగ్గింది. తెలుగు, తమిళం ఒకదాని కింద ఒకటి వేసినా తడబడలేదు. అంచేత దాన్నే ఉంచుకున్నాను.

“పిల్లలకు తెలుగు చదవడం రాదు గదా, అవ్వ మాటలనే తమిళ అక్షరాల్లో వేస్తే పోదా?” అన్నాడు మా వాడు. వేసి చూశాం. తమిళంలో కకారానికీ గకారానికీ ఒకటే అక్షరం, టకారానికీ డకారానికీ ఒకటే. అవ్వ ‘కోట గోడ’ అన్నచోట ఒకే మాట రెండుసార్లు రాసినట్టు కనిపించింది. కోటా గోడా ఒకటైపోయాయి! అందుకని పైన తెలుగు మాట తెలుగులోనే, కింద దాని అర్థం తమిళంలో వేశాం.

ఇక కోత సంగతి. అవ్వ కిటికీని ‘జన్నల్’ అంటుంది. అలాంటి తమిళ మాటలన్నీ తీసేస్తే తెలుగు శుభ్రంగా ఉంటుందని ఒక బంధువు సలహా ఇచ్చారు. తీసివేయడం సులువే, రెండు మీటలు నొక్కితే చాలు. కాని అలా మిగిలేది ఎవరి తెలుగు? మా అవ్వది మాత్రం కాదు. జన్నల్ అలాగే ఉంది. ఒక పెళ్లిపాట నడుమ చరణం మరిచి ఆమె గోడవైపు చూస్తూ ఆగిపోయింది, పదకొండు సెకన్లు. అదీ ఉంచాను. వెతుక్కుని మళ్లీ అందుకున్నప్పుడు ఆమె ముఖం చూడాలి!

ఈ పని తలపెట్టేవారికి ఒక మనవి. కోయని అసలు వీడియోలను రెండు వేర్వేరు డిస్కుల్లో దాచండి. మాట్లాడింది ఎవరు, ఎక్కడ, ఏ తేదీన అన్నది పక్కనే రాసిపెట్టండి. సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

మొన్న ఇంట్లో అందరం కూర్చుని ఆ అరగంటా చూశాం. మా అన్న మనవరాలు ‘కోట గోడ’ దగ్గర ఆపమంది. తెరమీద వేలుపెట్టి, ఈ రెండింట్లో ‘గో’ ఏదని అడిగింది. చూపించాను. కాగితం తెచ్చుకుని రాసుకుంది.