పడుకున్న మొక్క

2003 జనవరిలో సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో డ్రైవరు లేని చిన్నరైలు మొదలైనప్పుడు నాకు ఎనిమిదేళ్లు. రివర్‌వేల్‌లో మా పదో అంతస్తు కిటికీలోంచి చూస్తే స్తంభాల మీద ఆ రైలు, కింద తడి సిమెంటు వాసన వదలని రోడ్డు, రోడ్డు వారన వరసగా కొత్తగా నాటిన నిద్రగన్నేరు మొక్కలు, ఒక్కోదానికి అటూ ఇటూ ఊతకర్రలు, నడుముకు తాడు. ఊరికి చెట్లింకా రాలేదు గాని కొన్ని స్టేషన్లకు మాత్రం చెట్ల పేర్లే. రుంబియా అంటే సగ్గుబియ్యం తీసే చెట్టట, బకావు అంటే మడచెట్టట. సెరంగూన్ ఏటి ఒడ్డున కంకార్ అని జాలర్ల పల్లె ఉండేదనీ, ఈ పక్కంతా రబ్బరు తోటలనీ ఎదురింటి చైనా తాత చెప్పేవాడు.

ఆ ఏడు అవ్వ సూళ్లూరుపేట నుంచి వచ్చి మాతో ఉంది. సాయంత్రాలు ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తూ, ముడుచుకుంటున్న ఆకుల్ని నేను తాకబోతే, "పడుకోనుండాది అబ్బయా, లేపబాక" అనేది. తమ వైపు నేలపట్టు చెరువులో కడపచెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెట్టే కాలంలో ఊళ్లో ఎవరూ కొమ్మ విరవరని చెప్పేది. 1963 జూన్ 16న అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ ఫారర్ సర్కస్ దగ్గర మెంపాట్ మొక్క నాటాడనీ, ఈ దేశంలో చెట్లు నాటే ఉద్యమం అక్కడే మొదలైందనీ బళ్లో విన్నది నేను చెబితే, "పెద్దాయన నాటినాడు సరే, కాపు ఎవరు కాయాల?" అంది.

ఒక ఆదివారం పొద్దున కిందికి దిగేసరికి మూడు మొక్కలు విరిగి ఉన్నాయి. రెండింటి తలలు నడకదారి మీద పడి ఉన్నాయి, ఆకులు రాత్రి ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే. మూడోది ఒక పక్కకు వేలాడుతోంది, దాని మొదట్లో బెరడు కొంత గీకేశారు. అవ్వ కూర్చుని వేలితో చుట్టూ తడిమింది. "చుట్టూతా ఒలిచుంటే వేళ్లకు తిండి దిగేది గాదు. ఈ పక్క ఇంత మిగిలుండాది." పాత నేతచీర అంచు చించి, తడిమట్టి మెత్తి, విరిగిన ఊతకర్ర ముక్క ఆనించి కట్టు కట్టింది. ఎవరు విరిచారో మాకెప్పటికీ తెలియలేదు. రోజూ బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలో పట్టుకుని, లిఫ్టులో ఒలికిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని దిగేవాళ్లం.

తొమ్మిదో రోజో పదో రోజో లారీలో పనివాళ్లు కొత్త మొక్కలు తెచ్చారు. వాళ్లలో ఒక తమిళ కుర్రాడుంటే అవ్వ తన సూళ్లూరుపేట అరవంలో బతిమాలింది, కట్టు పైన మొలిచిన పిసరంత చిగురు చూపించింది. అతను మేస్త్రీ వైపు చూశాడు, తల అడ్డంగా ఊపాడు. తవ్వే ముందు మాత్రం కట్టు నిదానంగా విప్పి, మట్టి దులిపి, గుడ్డ మడతపెట్టి రెండు చేతులతో ఆమెకిచ్చాడు. పైకి వచ్చేదాకా అవ్వ మాట్లాడలేదు. ఉగాదికి ఊరెళ్లింది. మళ్లీ రాలేదు.

ఇప్పుడా రోడ్డుకు రెండు పక్కల కొమ్మలూ పైన కలిసిపోయాయి, వానొచ్చినా కాసేపటిదాకా చినుకు కిందికి దిగదు, మొదళ్లకు నాచు, కొమ్మల మీద పక్షిగూటి ఫెర్నులు. మా మొక్క ఏ గుంటలో ఉండేదో పోల్చుకోలేను. మొన్న సాయంత్రం మా అమ్మాయి వేలాడే రెమ్మ ఒకటి అందుకోబోయింది.

"లేపబాక," అన్నాను.

"బాక అంటే ఏంటి నాన్నా?" అంది.