మాకు ముప్పై ఏడు చాలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన పెద్దవాళ్లు అంటారు. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. ముంబయిలో చలి వెళ్లడమే కాదు, దాని వెనకే ఎండ కూడా తలుపు తోసుకుని వచ్చేసింది. 25, 26 తేదీలకు ముంబయికి వడగాడ్పుల హెచ్చరిక ఇచ్చింది భారత వాతావరణ శాఖ. 25న శాంతాక్రూజ్‌లో 38.7 డిగ్రీలు. రోహిణి కార్తెకి ఇంకా మూడు నెలలుండగానే!

హాస్టల్లో ఈ మాట చెప్తే మా రూమ్మేట్ పడీపడీ నవ్వింది. "ముప్పై ఎనిమిదికే వడగాడ్పులా? మా రామగుండంలో దాన్ని చల్లపూట అంటరు" అంది. ఆ నవ్వుకి జవాబుగానే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు కామాటిపురలో. ఆ పేరు వినగానే కొందరు మొహం అదోలా పెడతారు. సినిమాలు చూపించింది ఒక్కటే కాబట్టి వాళ్ల తప్పూ కాదు. కానీ ఆ పేరు వచ్చింది కామాటీల వల్ల. అంటే నిజాం ఇలాకా నుంచి వలసపోయి రాళ్లు మోసి, గోడలు కట్టి, బొంబాయిని లేపిన తెలుగు కూలీల వల్ల. తర్వాత బట్టల మిల్లుల కోసం మన నేతవాళ్లూ వెళ్లారు. మా తాతయ్య అట్లా వెళ్లినవారే. ఇప్పుడు ఇంట్లో బాపమ్మది తెలుగు, ఆయీది మరాఠీ, నాన్నది రెండూ. నాది ఎవరితో మాట్లాడితే వాళ్లది.

మాది చాల్‌లో పై అంతస్తు. ఒకే గది, నెత్తి మీద రేకులు, గదిలోనే అటక లాంటి మాళా. మూలకి మోరీ, అంటే గిన్నెలకీ స్నానానికీ ఒకటే జాగా. బయట పొడుగాటి గ్యాలరీ. ఆ గ్యాలరీ చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక ముప్పై ఎనిమిది సంగతి. వాతావరణ శాఖ లెక్క అన్ని ఊళ్లకీ ఒకటి కాదు. మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు, కొండ ప్రాంతాల్లో 30, సముద్రతీరంలో 37. దాంతోపాటు ఆ రోజుకి ఉండాల్సిన దానికన్నా కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు కింద లెక్క. తీరానికి మూడు డిగ్రీలు ఎందుకు తగ్గించారంటే, అక్కడ గాలిలో తేమ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మా గ్యాలరీలో ఆరేసిన బట్టలే ఆరనప్పుడు చెమట ఏం ఆరుతుంది? 2023 ఏప్రిల్ 16న నవీ ముంబయి ఖార్ఘర్‌లో బయలు మైదానంలో జరిగిన సభకి వచ్చి, ఎండదెబ్బకి పది మందికి పైగా చనిపోయారు. ఆ రోజు అక్కడ ఉన్నది 38 డిగ్రీల చుట్టూనే. మా బాపమ్మ ఈ పట్టికలేవీ చూడలేదు. కానీ ఎప్పటినుంచో అనేది అదే: "ఊళ్లె ఎండ కొడితె చెట్టు కిందికి పోతం. ఈడ ఉక్క పోస్తె యాడికి పోవాలె?"

మామూలు రోజుల్లో ముంబయిని కాపాడేది సముద్రం గాలి. పొద్దున పదకొండు, పన్నెండు లోపల పడమటి నుంచి తిరుగుతుంది. తూర్పు నుంచి నేల మీది వేడిగాలి బలంగా వీచిన రోజున సముద్రం గాలికి ఆలస్యమవుతుంది. అది ఎంత ఆలస్యమైతే ఎండ అంత ముదురుతుంది.

ఫిబ్రవరిలో ఆ హెచ్చరిక ఆయీ ఫోన్‌కి మరాఠీలో వచ్చింది. 'ఉష్ణతేచీ లాట్' అని. ఆయీ అది బాపమ్మకి చదివి వినిపించింది. లాట్ అంటే అల. "అల వస్తె మంచిదే గద, సల్లగుంటది" అందిట బాపమ్మ. నేను ఫోన్లో "అల కాదు బాపమ్మా, వడగాలి" అన్నాను. "వడగాలా? ఈడ గాలే లేకపాయె!" అంది. రెండు భాషల్లో చెప్పినా విషయం ఆమెదాకా చేరలేదు. చివరికి ఇట్లా చెప్పాను: "రేపు సముద్రం గాలి మధ్యాహ్నం దాకా రాదంట." అప్పుడు "అవునా?" అని ఒక్క క్షణం ఆగింది. "మరి రేపు ఒక్కపొద్దు గదనే" అంది.

నా భయమూ అదే. శివరాత్రికి ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. డెబ్బై దాటాయి, బీపీ మాత్రలు వేసుకుంటుంది. "శివుడికి పొద్దంతా నీళ్లు పోస్తనే ఉంటరు, నువ్వు రెండు గ్లాసులు తాగితె ఆయన ఏమనుకోడు" అన్నాను. చాలాసేపు వాదించింది. సాయంత్రం ఆయీ ఫోన్ చేసి, నిమ్మరసం తాగించానంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం అంతకుముందు ఏడాది మే నెల. ఒక రాత్రి రెండింటికి బాపమ్మ మోరీ దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఆ రోజు ఏ హెచ్చరికా లేదు. ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయన్నారు డాక్టర్‌గారు. ఎందుకు తాగట్లేదని అడిగితే ఆమె ఆయనకి చెప్పలేదు, తర్వాత ఆయీకి చెప్పింది. నీళ్లు తాగితే రాత్రి లేవాలి. లేస్తే గ్యాలరీ చివరిదాకా చీకట్లో ఒక్కతే పోవాలి. అందుకని సాయంత్రం ఐదు తర్వాత చుక్క నీళ్లు ముట్టదట. వేసవిలో కూడా. మా చాల్‌లో ఇట్లా చేసేది ఆమె ఒక్కతే కాదని తర్వాత తెలిసింది. ఆడవాళ్లు చాలామంది చేస్తారు. 'దాహం లేకపోయినా నీళ్లు తాగండి' అని ప్రతి హెచ్చరిక కిందా రాసి ఉంటుంది. మరుగుదొడ్డి ఎంత దూరమని మాత్రం ఏ హెచ్చరికా అడగదు.

2025 మార్చి 31న వాతావరణ శాఖ ఏప్రిల్ నుంచి జూన్ దాకా అంచనా చెప్పింది. దేశంలో ఎక్కువ చోట్ల పగటి వేడీ రాత్రి వేడీ మామూలు కంటే ఎక్కువే ఉంటాయంది. వడగాడ్పు రోజులు ఎక్కువ ఉంటాయన్న రాష్ట్రాల్లో అప్పుడు మహారాష్ట్ర ఉంది, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నాయి. మామూలుగా నాలుగు నుంచి ఏడు రోజులుంటే, ఆ ఏడు ఇంకో రెండు నుంచి నాలుగు రోజులు పెరగొచ్చని అంచనా వేసింది. వాతావరణ శాఖ లెక్కలో 'వేడి రాత్రి' అనేది కూడా ఒకటుంది. కానీ పగలు 40 దాటితేనే ఆ పేరు పెడతారు. పగలు 37 ఉండి, రేకులు తెల్లవార్లూ సెగ కక్కే మా గది రాత్రికి అందులో చోటు లేదు. లెక్క తప్పని నేను అనను. వాళ్ల థర్మామీటర్ నీడలో, గాలి ఆడే తెల్లపెట్టెలో ఉంటుంది. మా బాపమ్మ మాళా మీద ఉంటుంది.

అందుకని ఈసారి అంచనా రాగానే ఇంటికి ఫోన్ చేసి మూడు పనులు చెప్పాను. బాపమ్మ పక్క మాళా మీంచి కిందికి, తలుపు దగ్గరికి మారింది. గ్యాలరీ చివర మాడిపోయిన బల్బు నాన్న మార్చాడు. పక్క గది అక్క రాత్రి లేచినప్పుడు బాపమ్మ తలుపు ఒకసారి తడుతుంది, ఇద్దరూ కలిసి వెళ్లొస్తారు. నిన్న ఫోన్లో "ఎన్ని గ్లాసులు తాగినవ్?" అంటే, "లెక్కవెట్టుకుంట కూసుంటనా, చెంబు ఖాళీ అయింది" అని కసిరింది.

మీలో చాలామందికి ఊళ్లో ఒక బాపమ్మో, నాయనమ్మో, అమ్మమ్మో ఉండే ఉంటుంది. ఈ వారం ఫోన్ చేసినప్పుడు ఎండ ఎంతుందని కాక, రాత్రి నీళ్లు తాగుతున్నావా, తాగకపోతే ఎందుకు అని అడగండి. మొదట నిజం చెప్పరు. ఇంకోసారి అడగండి.