అయిదువందల పన్నెండు దీపాలు

లెక్క కుదరకపోతే నిద్రపట్టని ఉద్యోగం నాది. బ్యాంకులో ముప్పై ఏళ్లుగా అంకెలతోనే కాపురం. బి.కాం. చదివినవాడికి కరెంటు పనులెందుకని మీరనవచ్చు. 2024 ఉగాదికి మా హోసూరు వీధి పిల్లలంతా కలిసి ఎల్.ఇ.డి. దీపాలతో పెద్ద ఘనం కట్టాలనుకున్నారు. చందాల పద్దు నా నెత్తిన పడింది.

పొడవుకు ఎనిమిది, వెడల్పుకు ఎనిమిది, ఎత్తుకు ఎనిమిది, వెరసి 512 దీపాలు. ఒక్కొక్కదానికీ వేరే తీగ అక్కరలేదట. నిలువు వరుసలకు 64, అంతస్తులకు 8, మొత్తం 72 చాలు. నిజానికి ఒక్కసారికి ఒక్క అంతస్తే వెలుగుతుంది. ఎనిమిదీ వంతులవారీగా అతివేగంగా వెలిగితే, అన్నీ ఒక్కసారే వెలుగుతున్నట్టు మన కన్ను భ్రమపడుతుంది. ఈ కిటుకు చెప్పింది ఇంజనీరింగు చదివిన మా అమ్మాయి.

దీపానికి రెండు కాళ్లు. పొడుగుది ధనం, పొట్టిది రుణం. తారుమారైతే వెలగదు. "కట్టేసినాక లోపలిదానికి చెయ్యందదు నాయనా, ముందే చూడు" అంది. నాలుగు రాత్రులు ఒక్కొక్కటే చిన్న సెల్లుకు ఆనించి చూశాను. పక్కింటి తమిళ పిల్లలు, ఎదురింటి కన్నడ కుర్రవాడు సోల్డరింగు పట్టారు.

ఎవరైనా చెయ్యి చాపితే సెన్సారు పసిగట్టి ఒక అక్షరం వెలిగించాలి. మా అమ్మాయి గళ్లకాగితం నా ముందుంచి, "'అ' ఎట్లుంటుందో రాసియ్యి నాయనా" అంది.

నా చెయ్యి ఆగిపోయింది. తమిళనాడు బళ్లలో తమిళం తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి పైకి పాకింది. మా అమ్మాయిది ఆ మొదటి జట్టు. చట్టాన్ని తిట్టుకుంటూ కాలం గడిపానే గాని, ఒక్క సాయంత్రమైనా పలక పట్టుకుని దాని పక్కన కూర్చోలేదు. ఇంట్లో మాట్లాడుతుంది కదా, చాల్లే అనుకున్నాను.

ఎనిమిది గళ్లలో 'అ' వంపులు ఒక పట్టాన ఇమడలేదు. ఇద్దరం చుక్కలు పెట్టాం, చెరిపాం, మళ్లీ పెట్టాం. మూడో కాగితానికి కుదిరింది.

ఉగాది సాయంత్రం మొదట చెయ్యి చాపింది మా అమ్మాయే. 'అ' వెలిగింది. వీధంతా చప్పట్లు. తరువాత అన్ని దీపాలూ వెలిగించినప్పుడు లోపల ఒకటి మాత్రం చీకటిగా ఉంది. ఎక్కడో అతుకు ఊడినట్టుంది. ఎవరూ గమనించలేదు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

దాన్ని బాగుచేయడం మా వల్ల కాలేదు. ఆదివారాలు మాత్రం గళ్లకాగితం తీస్తున్నాం. ప్రస్తుతం 'ణ' దగ్గర ఉన్నాం.