అరుదైన బండి – అసలైన ధనము

ధనము కూర్చుకొనుటను గూర్చి మన ప్రభువు కొండమీద బోధించినప్పుడు ముగ్గురు శత్రువులను పేర్కొన్నాడు: చిమ్మట, తుప్పు, దొంగ. మత్తయి సువార్త 6వ అధ్యాయంలోని ఈ మాటలు మనలో చాలామందికి చిన్ననాటి నుంచీ కంఠతా వచ్చినవే. అయితే ఈ మధ్య ఆ రెండవ శత్రువు దగ్గర, అంటే తుప్పు దగ్గర, నా ఆలోచన చాలాకాలం నిలిచిపోయింది. మా అక్క కొడుకు నాలుగు లక్షల రూపాయలు పెట్టి నలభై ఏండ్లనాటి మోటారు సైకిలు కొని, దానిని ఆస్తిగా దాచుకుంటానని నా దగ్గరకు సలహాకు రావడమే దానికి కారణం.

మా గొల్లపల్లి మండలంలో గానీ, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గానీ గల్ఫు దేశాలతో సంబంధం లేని వాడకట్టు కనిపించదు. మా వాడు కూడా పదకొండేండ్లు అక్కడ లారీ నడిపి, కంపెనీ లెక్క చూసి ఇచ్చిన డబ్బుతో ఇంటికి వచ్చాడు. తండ్రి లేడు. తల్లికి మోకాళ్ల నొప్పులు. పెద్దకూతురు ఇంటర్ ముగించి నర్సింగు చదవాలని ఆశపడుతున్నది. ఇట్టి ఇంట్లో నాలుగు లక్షలంటే చిన్న మొత్తం కాదు.

"మామా, భూమి అందేటట్టు లేదు. బంగారం గట్లనే ఉన్నది. గీ బండి మాత్రం దినదినం పెరుగుతున్నది. ఇయ్యాల నాలుగు పెడితే ఐదేండ్లకు ఎనిమిదైతది" అన్నాడు.

ఆ బండి రాజ్‌దూత్ 350. మా ఈడు వారికి ఆ పేరు వింటేనే చెవుల్లో ఒక మోత వినిపిస్తుంది. జపాన్ దేశపు యమహా కంపెనీవారి ఆర్‌డీ 350 అనే బండి నమూనా మీద మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీవారు 1983 నుంచి దానిని తయారు చేశారు. రెండు సిలిండర్లు, 347 సీసీల టూ స్ట్రోక్ ఇంజను, ఆరు గేర్లు. మొదట వచ్చిన రకానికి ముప్ఫై హార్స్ పవర్ శక్తి. పాలవారు క్యాన్లు కట్టుకొని తిరిగిన మామూలు రాజ్‌దూత్ పక్కన ఇది దూడ పక్కన నిలిచిన పోట్లగిత్తవలె ఉండేది. ఆనాడు మన రోడ్లమీద దీనితో సమానంగా పరుగెత్తగల మోటారు సైకిలు దాదాపు లేదనే చెప్పాలి. అయితే జపాను బండికున్న డిస్కు బ్రేకు దీనికి పెట్టలేదు. పరుగు ఎక్కువ, పట్టు తక్కువ.

ఇంత గొప్ప బండి ఇప్పుడెందుకు అరుదైంది? ఆనాడు కొనేవారు లేకపోవడమే కారణం. ధర ఎక్కువ, పెట్రోలు విపరీతంగా తాగేది, విడిభాగాలు ఖరీదు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందన్నదే మధ్యతరగతి ఇంటి ప్రశ్న. అదే సంవత్సరం వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 కుర్రకారు మనసు దోచుకొన్నది. 1990 ప్రాంతానికి రాజ్‌దూత్ 350 తయారీ ఆగిపోయింది. తన కాలంలో జనం వద్దన్నందుకే ఈనాడు దానికి ఇంత గిరాకీ!

ఈ వింత మనకు మాత్రమే చెందినది కాదు. అమెరికా దేశంలో 1960లలో మజిల్ కార్లని పేరుపడ్డ కార్లు వచ్చాయి. మామూలు కారులో బ్రహ్మాండమైన ఇంజను అమర్చడమే వాటి ప్రత్యేకత. 1970లో పొగ మీద కఠినమైన చట్టం వచ్చింది. బీమా ఖర్చు పెరిగింది. 1973లో చమురు కొరత వచ్చి పెట్రోలు బంకుల ముందు వరుసలు కట్టవలసి వచ్చింది. ఆ కార్లను అడిగేవారు లేక పాత ఇనుపసామాన్ల దొడ్లకు చేరినవి ఎన్నో. అప్పుడు బతికి బయటపడిన కొద్దిపాటి కార్లే తరువాత బంగారమయ్యాయి. 1971 నాటి ప్లిమత్ హెమీ కుడా అనే కారులో పైకప్పు తెరుచుకునే రకం లోకమంతటా పది పన్నెండుకు మించి లేవు. వాటిలో ఒకటి 2014లో సియాటిల్ నగరపు వేలంలో 35 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

మా వాడు తన ఫోనులో ఇట్టి కథలు ఎన్నో చూపించాడు. కాని ఆ కథల్లో రెండు సంగతులు చెప్పరు. మొదటిది, 2008 ఆర్థిక సంక్షోభం తరువాత అవే కార్ల ధరలు దారుణంగా పడిపోయాయి. అప్పు చేసి ఆశతో కొన్నవారు నష్టపోయారు. రెండవది ఇంకా లోతైనది. ఇట్టి వాహనాల ధర ఎప్పుడు పెరుగుతుంది? పదిహేనేండ్ల వయసులో దానిని చూసి గుటకలు మింగిన పిల్లవాడు యాభై ఏండ్లవాడై, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు పెరుగుతుంది. ఆ తరం వెళ్లిపోయిన తరువాత ఆ మోత వినని, ఆ వాసన ఎరుగని పిల్లలు అంత ధర పెడతారా? కాబట్టి ఆ బండి విలువ దాని ఇనుములో లేదు. ఒక తరం వారి తీరని కోరికలో ఉన్నది. మరొకరి కోరికను మనం బీరువాలో పెట్టి తాళం వేయలేము.

నేను మా వానిని కోప్పడలేదు. కాగితం, కలం తెమ్మన్నాను. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే లూకా సువార్త 14వ అధ్యాయంలో చెప్పాడు గదా.

నాలుగు లక్షలు ఏడు శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే ఐదేండ్లకు దాదాపు 5 లక్షల 60 వేలు అవుతుంది. ఇక బండి లెక్క. మెకానిక్కు చెప్పిన ప్రకారం మొదటి మరమ్మతుకే 60 వేలు కావాలి. ఏటా నిర్వహణకు పదివేలు వేసుకున్నాము. ఐదేండ్ల చివర దాదాపు ఏడు లక్షలు వస్తేనే అసలు, వడ్డీ, ఖర్చు సమానమవుతాయి. లాభమన్నది ఆ పైన మొదలవ్వాలి. బంగారు గొలుసును జగిత్యాలలో ఏ దుకాణానికి తీసుకుపోయినా ఆ పూటకు ఆ రోజు ధర చేతిలో పెడతారు. ఈ బండికి మాత్రం సరిగ్గా ఇదే కావాలని తపించే ఒక్క మనిషి దొరకాలి. ఇంట్లో ఆపద వచ్చిన రోజున ఆ మనిషి ఎక్కడున్నాడో వెదుకుతూ కూర్చోగలమా?

ఇట్టి బండ్లు కొనదలచిన యౌవనస్థులు మన సంఘాలలో మరికొందరు ఉండవచ్చు. వారి మేలు కోరి కొన్ని విషయాలు చెప్పుచున్నాను. ఆర్‌సీ పుస్తకంలోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద కొట్టిన నంబర్లతో అక్షరం తప్పకుండా సరిపోవాలి. నాలుగు బండ్ల ముక్కలు కలిపి ఒక బండి చేసి రంగువేసి అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్నదే. పదిహేనేండ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించి ఉండాలి. వింటేజ్ వాహనమని ప్రత్యేకపు నంబరు ఇచ్చే నియమాలు 2021లో వచ్చాయి గాని, అవి యాభై ఏండ్లు దాటిన వాటికే వర్తిస్తాయి. 1983 నాటి బండికి ఆ అర్హత 2033కు గాని రాదు. ఆ నంబరు వచ్చిన తరువాత దానిని రోజువారీ పనులకు వాడరాదు కూడా.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. దాచిపెడితే బండి చల్లగా ఉంటుందని అనుకుంటాము. నిజం దానికి వ్యతిరేకం. నడవని టూ స్ట్రోక్ ఇంజనులో రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. కార్బురేటర్‌లో పెట్రోలు జిగురై గడ్డకడుతుంది. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. అది గాలిలోని తేమను పీల్చుకొని పాత ఇనుప ట్యాంకును లోపలినుంచి తినివేస్తుంది. ప్రభువు చెప్పిన తుప్పు నిజంగా పని చేసేది ఇక్కడే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును మీలో కొందరు చూసే ఉంటారు. ఆరవ నిజాము ఆ కారుకు ఆర్డరు ఇచ్చి, అది చేతికి రాకమునుపే 1911లో కన్నుమూశాడు. అది నూరేండ్లకు పైగా నిలిచిందంటే దాని వెనుక సంస్థానముంది, షెడ్లున్నాయి, పనివారున్నారు. మా అక్క ఇంట్లో ఉన్నది పశువుల కొట్టం పక్కన రేకుల చావడి.

మేము ఈ లెక్కలన్నీ వేస్తూ ఉండగా మా అక్క పొయ్యి దగ్గరనుంచి అంతా వింటూనే ఉన్నది. అంత పెద్ద లెక్కలు ఆమెకు రావు. టీ గ్లాసులు మా ముందు పెట్టి కొడుకును ఒక్కమాట అడిగింది: "కొన్నంక దాని మీద ఎక్కి తిరుగుతవా, చూసుకుంట కూసుంటవా?"

వాడు తడుముకొన్నాడు. తిరిగితే అరుగుతుంది, ధర తగ్గుతుంది. తిరగకపోతే వాడు చిన్నప్పటినుంచి కలగన్న ఆ పరుగు ఎప్పుడు చూస్తాడు? ఆస్తిగా కొంటే బండిగా పనికిరాదు, బండిగా వాడితే ఆస్తిగా నిలవదు. నేను కాగితం నిండా వేసిన అంకెలు చెప్పలేని సంగతిని ఆమె ప్రశ్న చెప్పింది.

పరిశుద్ధ గ్రంథంలో ఈ వ్యాపారం చేసినవాడు ఒకడున్నాడు. సొలొమోను రాజు ఐగుప్తునుంచి రథమొకటికి 600 తులములు, గుఱ్ఱమొకటికి 150 తులముల వెండి లెక్కన తెప్పించాడనీ, అదే విధంగా హిత్తీయుల రాజులకు, అరాము రాజులకు అవి చేరేవనీ రాజులు మొదటి గ్రంథము 10వ అధ్యాయం చివర వ్రాయబడి ఉంది. ఆ కాలానికి అవే అతివేగపు బండ్లు. రాజు గుఱ్ఱములను, వెండి బంగారములను విస్తరింపజేసుకొనరాదని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయంలో ముందే ఆజ్ఞ ఉన్నది. అన్ని రథాలు ఉండీ అతని కుమారుని కాలంలో రాజ్యం రెండుగా చీలకుండా అవి ఆపలేకపోయాయి.

రథము దానంతట అది పాపమైనది కాదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన మంత్రి తన రథంలో కూర్చుండి యెషయా గ్రంథం చదువుకుంటూ ప్రయాణం చేశాడు. ఫిలిప్పు ఆ రథమెక్కి అతనికి సువార్త చెప్పాడు. ఆ రథం ఖరీదు ఎంతో ఎవరూ వ్రాయలేదు. అది దారిన నడిచింది, ఒక ఆత్మకు మేలు జరిగింది. అది చాలు.

మా వాడు ఆ రాత్రి తానే మరొక కాగితం తీసుకొన్నాడు. కూతురి చదువుకు ఇంత, తల్లి వైద్యానికి ఇంత, కష్టకాలానికి బ్యాంకులో ఇంత, ప్రభువు భాగం ఇంత అని తీసిపెట్టాడు. లక్షన్నర మిగిలింది. ఆ లక్షన్నర తన సంతోషానికి ఖర్చుపెట్టుకుంటానని, దానికి ఆస్తి అని పేరు పెట్టనని చెప్పాడు. నాకు అందులో తప్పు కనబడలేదు. కష్టపడినవాడు తన కష్టఫలంలో సంతోషించడం దేవుడిచ్చిన వరమే. అమ్మేవారు ఆ ధరకు ఒప్పుకోలేదు. పది రోజులకు హైదరాబాదునుంచి ఎవరో వచ్చి బండిని వ్యానులో ఎక్కించుకొని పోయారని తెలిసింది. మా వాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. దానిని చూసి నవ్వడానికి నాకు మనసొప్పలేదు. కోరిక చిన్నదైనా పెద్దదైనా వదులుకోవడం నొప్పే.

ఆ బండి ధర ఇకముందు పెరగవచ్చు. ఎనిమిది లక్షలు కూడా పలకవచ్చు. అలా జరిగితే కొన్నవారికి మేలే కలుగునుగాక. ధర పడిపోతేనే మన నిర్ణయం సరియైనదని కాదు. యిర్మీయా ప్రవక్త యెరూషలేము ముట్టడిలో ఉన్నప్పుడు అనాతోతులోని పొలాన్ని 17 తులముల వెండికి కొన్నాడు. బజారు లెక్క ప్రకారం అంతకన్న తెలివితక్కువ బేరం లేదు. అయినా ఆ జనం తిరిగివచ్చి ఆ నేలను దున్నుకుంటారన్న దేవుని వాగ్దానం మీద ఆయన ఆ డబ్బు పెట్టాడు. మనం పెట్టే ప్రతి రూపాయి కూడా మనం దేనిని నమ్ముతున్నామో చెప్పే సాక్ష్యమే.

ఆ అమ్మాయి ఇప్పుడు నర్సింగు రెండవ సంవత్సరం చదువుతున్నది. సెలవులకు వచ్చినప్పుడు అమ్మమ్మలకు, తాతయ్యలకు బీపీ చూస్తుంది. రేపు ఏ ఊరి ఆసుపత్రిలో ఎవరి ప్రాణం పక్కన నిలబడుతుందో ప్రభువుకే తెలియును. చిమ్మట కొట్టలేని, తుప్పు తినలేని, దొంగ మోసుకుపోలేని దానిమీద మన కష్టార్జితమును ఉంచగల వివేకమును ఆయన మన కుటుంబములకు దయచేయునుగాక.