మూల దగ్గర

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "వల అల్లుతాను" అంటాను. అబద్ధమేం కాదు. పంపు కేసింగో, ఆనకట్టో, గుండె కవాటమో, ఆకారం వంకర తిరిగిందంటే దాని మీద సమీకరణాన్ని కాగితం మీద సాధించలేం. అందుకని ఆ ఆకారాన్ని లక్షల చిన్న ముక్కలుగా కోస్తాం. దాన్నే మెష్ అంటాం. ఒక్కో ముక్కలో లెక్క తేలిక. అన్నీ కలిపితే జవాబు వస్తుంది, దాదాపుగా. ఆ 'దాదాపు' మీదే నా జీతం.

ఇప్పుడు కోసేది సాఫ్ట్‌వేరే. దాని వెనక 1934లో బోరిస్ డెలోనే అనే రష్యన్ గణితవేత్త రాసిన చిన్న పేపరుంది. (ఆయన కొండలెక్కడంలోనూ పేరున్నవాడు.) త్రిభుజం మూడు మూలల గుండా వృత్తం గీస్తే లోపల మరో బిందువు ఉండకూడదు, అంతే నియమం. అలా అల్లితే సూదుల్లా సాగిన త్రిభుజాలు వీలైనంత తగ్గుతాయి. మూడు కొలతల్లో మాత్రం ఈ వరం పూర్తిగా పనిచెయ్యదు. అప్పడాల్లా చదునైన ముక్కలు మిగిలిపోతాయి, తిట్టుకుంటూ సరిచేస్తాం.

1991 ఆగస్టు 23న నార్వేలో, స్టావాంగర్ దగ్గర, స్లైప్నర్ ఎ అనే చమురు ప్లాట్‌ఫామ్ కాంక్రీటు అడుగుభాగాన్ని పరీక్ష కోసం నీళ్లలోకి దించుతుంటే గోడ చిట్లి మొత్తం మునిగిపోయింది. మీదున్నవాళ్లంతా బతికారు. గుండ్రటి గదుల మధ్య మిగిలే మూడుమూలల సందు దగ్గర మెష్ ముతకగా ఉందని, షియర్ బలాన్ని 47 శాతం తక్కువ చూపించిందని విచారణలో తేలింది. ఊచల అమరికలోనూ లోపముంది. తర్వాత సన్నటి మెష్‌తో లెక్కేస్తే 62 మీటర్ల లోతులో విరగాలని వచ్చింది. విరిగింది 65 దగ్గర.

నన్ను భయపెట్టేది ఆ 62. అంత దగ్గరగా చెప్పగల గణితం అప్పటికే చేతిలో ఉంది. సన్నగా ఎక్కడ చూడాలో ఎవరూ దానికి చెప్పలేదు. ముతక మెష్ మీద కూడా రంగుల బొమ్మ నున్నగా, ముచ్చటగానే వస్తుంది మరి.

మొన్న ఒక పంపు కేసింగ్‌కి "ఆటో మెష్ కొట్టి పంపెయ్ బాస్, రేపే డెలివరీ" అన్నాడు మా లీడ్. లోపలి మూల దగ్గర ముక్కల సైజు సగం చేసి మళ్లీ రన్ చేశాను. స్ట్రెస్ పెరిగింది. ఇంకో సగం. ఇంకా పెరిగింది. మూల కత్తిలా పదునుగా గీసుంటే సిద్ధాంతం ప్రకారం అది పెరుగుతూనే పోతుంది, ఆగదు. నిజం పోతలో అంత పదును ఉండదు, కాస్త గుండ్రం ఉంటుంది. మెష్ తేలిగ్గా పడుతుందని ఆ గుండ్రాన్ని మోడల్లోంచి ముందే ఎవరో చెరిపేశారు.

ఎంత గుండ్రమో చెప్పమని డ్రాయింగ్ వాళ్లకి మెయిల్ పెట్టాను. లీడ్ రెండుసార్లు వచ్చి వెళ్లాడు. ఫైల్ ఇంకా నా దగ్గరే ఉంది.